కనెక్టర్ వదులైన ఎక్స్‌టర్నల్ హార్డ్ డిస్క్: లైట్ వెలుగుతోంది, డ్రైవ్ మాత్రం రావట్లేదు

నీలిలైట్:
అందరికీ నమస్కారం. నా దగ్గర 2.5 అంగుళాల ఎక్స్‌టర్నల్ హార్డ్ డిస్క్ ఉంది, 1 టీబీ. కాపీ జరుగుతుండగా ఎవరిదో కాలు తగిలి కేబుల్ పక్కకి మెలితిరిగి ఊడొచ్చింది. డిస్క్ కింద పడలేదు, అది మాత్రం ఖాయం. అప్పట్నుంచీ ఆ వెడల్పాటి పోర్ట్ వదులైపోయింది. మొదట్లో ప్లగ్గుని ఒక మూలకి నొక్కి పట్టుకుంటే డ్రైవ్ వచ్చేది, ఇప్పుడు అదీ లేదు. లైట్ వెలుగుతోంది, లోపల తిరుగుతున్న చప్పుడు కూడా మామూలుగానే ఉంది, విండోస్ మాత్రం పరికరాన్ని గుర్తించలేకపోయానని ఒక మెసేజ్ ఇచ్చి ఊరుకుంటోంది. ఫొటోలు, పాత ప్రాజెక్టులు అన్నీ అందులోనే ఉన్నాయి. డిస్క్ పోయినా పర్లేదు, డేటా కావాలి. ఎక్కడ మొదలుపెట్టాలి?

పాతకేబుల్:
ముందు ఇంకో కేబుల్‌తో చూశారా? ఈ రకం కేబుళ్లు పోర్ట్ కంటే ముందే చస్తాయి. అలాగే హబ్బు తీసేసి నేరుగా కంప్యూటర్ పోర్ట్‌కే పెట్టండి. డెస్క్‌టాప్ అయితే వెనక వైపు పోర్ట్‌కి. ఇంకో మాట, టిక్ టిక్ మని కొట్టుకుంటున్న శబ్దం ఏమన్నా ఉందా? అది ఉంటే ఇక్కడ చెప్పబోయే కథ వేరు.

చిటికెలో_పని:
పోర్ట్ ఊగుతోందంటే సింపుల్ బ్రదర్. సరైన కోణంలో పెట్టి ఒక్క చుక్క సూపర్ గ్లూ వేసెయ్. నాది అలాగే నడుస్తోంది.

టంకంపొగ:
దయచేసి సూపర్ గ్లూ వద్దు. అది నీళ్లలా పల్చగా ఉంటుంది, సందులోకి పాకి కాంటాక్టుల మీద పొరలా గట్టిపడుతుంది. ఆ తర్వాత సోల్డరింగ్ చేద్దామన్నా అక్కడ టంకం అంటుకోదు, పైగా వేడి చేస్తే కళ్లు మండే పొగ. మీది నడుస్తోందంటే అదృష్టం బాగుంది, అంతే.

నీలిలైట్ గారూ, మీ పోర్ట్ పేరు యూఎస్‌బీ 3 మైక్రో-బి. జాగ్రత్తగా చూస్తే అందులో రెండు గదులు కనిపిస్తాయి, ఒకటి పెద్దది, ఒకటి చిన్నది. మొత్తం 10 పిన్నులు. పెద్ద గదిలో ఉన్న 5 పిన్నులు అచ్చంగా పాత మైక్రో యూఎస్‌బీవే. అంటే 5 వోల్టుల కరెంటు, డీ మైనస్, డీ ప్లస్, ఐడీ, గ్రౌండ్. చిన్న గదిలో ఉన్న 5 పిన్నులు 3.0 వేగం కోసం అదనంగా కలిపినవి. చాలామందికి తెలియంది ఏంటంటే, పాత ఆండ్రాయిడ్ ఫోన్లకి వాడిన మామూలు మైక్రో యూఎస్‌బీ కేబుల్ ఆ పెద్ద గదిలో సరిగ్గా పడుతుంది, డ్రైవ్ 2.0 వేగంతో పనిచేస్తుంది. కాబట్టి దెబ్బ చిన్న గది వైపు తగిలి ఉంటే స్క్రూడ్రైవర్ ముట్టుకోకుండానే మీ పని అయిపోవచ్చు. ముందు అది ప్రయత్నించండి. బలవంతంగా తోయొద్దు.

నీలిలైట్:
టిక్ టిక్ శబ్దం లేదండి. కొత్త కేబుల్‌తోనూ అదే కథ. టంకంపొగ గారు చెప్పినట్టు ఫోన్ కేబుల్ పెట్టి చూశాను, నిజంగానే పట్టింది! కానీ లైట్ వెలిగింది, డిస్క్ తిరిగింది, డ్రైవ్ రాలేదు.

పాతకేబుల్:
ఆ కేబుల్ చార్జింగ్‌కి మాత్రమే పనికొచ్చే రకం కాదుగా? వాటిలో డేటా తీగలే ఉండవు, సరిగ్గా ఇలాగే లైట్ వెలిగించి ఊరుకుంటాయి. ఫోన్ పెట్టి ఫైళ్లు కనిపిస్తున్నాయో లేదో చూడండి.

నీలిలైట్:
చూశాను, ఫోన్ ఫైళ్లు వస్తున్నాయి, అంటే డేటా కేబులే. ఇంకో విషయం. ప్లగ్గుని పైకి ఎత్తి పట్టుకుంటే ఒకసారి డ్రైవ్ లెటర్ వచ్చింది, వెంటనే 'ఫార్మాట్ చేయాలి' అని అడిగింది. భయమేసి పీకేశాను.

రెండోకాపీ:
భయపడి మంచి పని చేశారు. ఫార్మాట్ నొక్కొద్దు, చెక్‌డిస్క్ కూడా వద్దు. మీ డిస్క్‌లో ఫైల్ సిస్టమ్ (ఏ ఫైల్ ఎక్కడుందో చెప్పే లెక్క) పాడైందో లేదో ఇప్పుడే చెప్పలేం. లైను తెగుతూ కలుస్తూ ఉంటే మొదటి సెక్టార్లు (డేటా రాసే చిన్న గడులు) సరిగ్గా చదవలేక కూడా విండోస్ అలా అడుగుతుంది. చెక్‌డిస్క్ అనేది విండోస్ రిపేర్ ప్రోగ్రామ్, తప్పులు దిద్దుతూ డిస్క్ మీద రాస్తుంది. వదులు కనెక్షన్ మీద రాయనిస్తే బాగున్న ఫోల్డర్లని కూడా ముక్కలు చేసి పెడుతుంది. ఇక ప్లగ్గు ఎత్తి పట్టుకోవడం కూడా ఆపేయండి. లోపల సగం లేచిన రాగి ప్యాడ్ ఉంటే అలా ఊపి ఊపి పూర్తిగా పీకేస్తారు. అన్నిటికన్నా ముఖ్యం, వంగిన పిన్ను పక్కనున్న 5 వోల్టుల పిన్నుకి తగిలితే ఇప్పుడు కనెక్టర్ దగ్గర ఉన్న సమస్య కంట్రోలర్ చిప్ దాకా పాకుతుంది.

సందేహాలరాయుడు:
నాకో డౌటు. ఇంత తంటా ఎందుకు, ప్లాస్టిక్ డబ్బా విప్పేసి లోపలి డిస్క్ తీసి, కంప్యూటర్ లోపలి డిస్కులకి వాడే సాటా కేబుల్‌కి పెట్టేస్తే సరిపోదా? లోపల ఉండేది మామూలు ల్యాప్‌టాప్ డిస్కే కదా.

టంకంపొగ:
కొన్నింటిలో అంతే. డబ్బా విప్పితే మామూలు సాటా డిస్క్, దాని ముక్కుకి తగిలించిన, సాటాని యూఎస్‌బీగా మార్చే వేలెడంత బ్రిడ్జ్ బోర్డు కనిపిస్తాయి. అదైతే అదృష్టమే, విరిగింది ఆ చిన్న బోర్డు మీది పోర్ట్ కాబట్టి దాన్ని పీకి పక్కన పడేసి, సాటా టు యూఎస్‌బీ అడాప్టర్ పెట్టుకుంటే అయిపోతుంది. 2.5 అంగుళాల వాటికి 5 వోల్టులు చాలు. 3.5 అంగుళాల పెద్ద డిస్క్ అయితే 12 వోల్టులు కూడా కావాలి, కాబట్టి విడిగా పవర్ అడాప్టర్ ఉన్నదే తీసుకోవాలి.

కానీ డబ్ల్యూడీ మై పాస్‌పోర్ట్ తరహా పోర్టబుల్ డిస్కుల్లో, తోషిబా కాన్వియోల్లో కొన్నింటిలో, డిస్క్ సొంత బోర్డు మీదే యూఎస్‌బీ పోర్ట్ సోల్డర్ చేసి ఉంటుంది. సాటా సాకెట్ అసలు ఉండదు. పైగా మై పాస్‌పోర్ట్‌లలో చాలా మోడళ్లు మీరు పాస్‌వర్డ్ పెట్టినా పెట్టకపోయినా డేటాని హార్డ్‌వేర్‌లోనే ఎన్‌క్రిప్ట్ చేసి (రహస్య సంకేతాలుగా మార్చి) రాస్తాయి. లోపల డేటా ఉండే గుండ్రటి పళ్లాల మీద ఉన్నది నేరుగా చదివినా అర్థం లేని అంకెలే వస్తాయి. అలాంటి డిస్క్ అయితే ఆ బోర్డునే బతికించాలి, వేరే దారి లేనట్టే అనుకోండి.

డబ్బా విప్పాలంటే చాలావాటికి స్క్రూలు ఉండవు, అంచుల చుట్టూ ప్లాస్టిక్ లాకులు ఉంటాయి. పనికిరాని ప్లాస్టిక్ కార్డు దూర్చి పోర్ట్‌కి దూరంగా ఉన్న మూల నుంచి మొదలెట్టండి. విప్పేది ప్లాస్టిక్ తొడుగు మాత్రమే. లోపలి లోహపు డిస్క్ మూత స్క్రూలు ముట్టుకోవద్దు, ఏ పరిస్థితుల్లోనూ.

బోర్డుమార్పిడి:
నా సలహా వేరు. అదే మోడల్ డిస్క్ ఇంకోటి సంపాదించి, బోర్డు మీద అచ్చువేసిన నంబరు సరిపోల్చుకుని, బోర్డు మార్చేయండి. నాలుగైదు స్క్రూలు, ఐదు నిమిషాల పని. సోల్డరింగ్ రానివాళ్లకి ఇదే సేఫ్.

రెండోకాపీ:
ఒకప్పటి డిస్కులకి అది నడిచింది అన్నా, ఇప్పుడు నడవదు. ప్రతి డిస్క్‌కీ తయారీలోనే దాని హెడ్లకి (పళ్లాల మీద చదివే, రాసే భాగాలకి) తగ్గట్టు కొలతలు వేసి బోర్డు మీది రామ్‌లో రాస్తారు (ర్యామ్ కాదు, ఆర్‌ఓఎం). సాధారణంగా 8 కాళ్లున్న చిన్న చిప్ అది. వేరే డిస్క్ బోర్డు తెచ్చి పెడితే దాని కొలతలతో దీని హెడ్లని నడపబోతుంది, డిస్క్ రెడీ అవ్వదు, ఒక్కోసారి హెడ్లు కొట్టుకుంటాయి. ఆ చిప్‌ని పాత బోర్డు నుంచి తీసి కొత్త బోర్డు మీద పెడితే సాధ్యమే. కొన్ని బోర్డుల్లో ఆ చిప్ విడిగా ఉండదు, మెయిన్ కంట్రోలర్ లోపలే ఉంటుంది. ఎలా చూసినా 8 కాళ్ల చిప్ మార్చగలిగినవాడికి కనెక్టర్ మార్చడం కూడా వచ్చే ఉంటుంది కదా, ఇంక బోర్డు కొనడం దేనికి?

బోర్డుమార్పిడి:
కనెక్టర్ చుట్టూ ట్రాకులన్నీ చిరిగిపోతే అప్పుడు నా దారే. చిప్ మార్చాలన్న మాట వరకు ఒప్పుకుంటాను.

నీలిలైట్:
విప్పాను. సాటా లేదు, పోర్ట్ బోర్డు మీదే ఉంది. బోర్డుకి నక్షత్రం ఆకారం స్క్రూలు ఉన్నాయి, టీ6 బిట్ సరిపోయింది. చిప్‌లన్నీ డిస్క్ వైపుకి తిరిగి ఉన్నాయి, మధ్యలో సన్నటి స్పాంజి ముక్క. భూతద్దంతో చూస్తే పోర్ట్ లోహపు తొడుగుకి ఒక పక్క కాలు లేచిపోయింది, పెద్ద గది వైపు పిన్నుల్లో 1, 4, 5 బాగానే ఉన్నట్టున్నాయి, 3 దగ్గర టంకం పగిలినట్టు గీత కనిపిస్తోంది, 2వ పిన్ను కింద రాగి ప్యాడ్‌తో సహా పైకి లేచింది. చిన్న గది వైపు రెండు పిన్నులు గాల్లో ఉన్నాయి.

టంకంపొగ:
బాగా చూశారు, మీ లక్షణాలకి అతికినట్టు సరిపోయింది. 1 అంటే 5 వోల్టులు, 5 అంటే గ్రౌండ్, అందుకే లైటూ తిరుగుడూ ఉన్నాయి. 2 డీ మైనస్, 3 డీ ప్లస్. ఆ రెండూ పోయాయి కాబట్టి కంప్యూటర్‌తో మాట్లాడటం లేదు. 4 ఐడీ పిన్ను, దీనికి అక్కర్లేదు.

నా అభిప్రాయం సూటిగా చెప్తాను. మీకు కావల్సింది డేటా కాబట్టి కొత్త 10 పిన్నుల కనెక్టర్ వేయాలన్న ఆలోచనే మానుకోండి. పిన్నుల మధ్య దూరం 0.65 మిల్లీమీటర్లు, ప్యాడ్ ఒకటి ఇప్పటికే లేచింది, 3.0 జతలు వేగానికి చాలా సున్నితం. డిస్క్ కంప్యూటర్‌కి కనిపించడానికి 4 తీగలు చాలు. పాత యూఎస్‌బీ కేబుల్ ఒకటి కోస్తే లోపల ఎరుపు, తెలుపు, ఆకుపచ్చ, నలుపు తీగలు ఉంటాయి, మామూలుగా ఎరుపు 5 వోల్టులు, తెలుపు డీ మైనస్, ఆకుపచ్చ డీ ప్లస్, నలుపు గ్రౌండ్. మామూలుగా అన్నాను, చవక కేబుళ్లలో రంగులు తారుమారు చేస్తారు, మల్టీమీటర్ బీప్ పెట్టి అవతలి ప్లగ్గు నుంచి ఒక్కో తీగా సరిచూసుకోవాల్సిందే. తెలుపూ ఆకుపచ్చా తారుమారైతే డ్రైవ్ రాదు, అంతే, మార్చుకోవచ్చు. ఎరుపూ నలుపూ తారుమారైతే బోర్డు పోతుంది.

2వ ప్యాడ్ లేచింది కాబట్టి అక్కడే అతికించాలని చూడకండి. ఆ ట్రాక్ వెంట వెళ్తే కంట్రోలర్ చేరేలోపు ఏదో ఒక చిన్న రక్షణ భాగమో టెస్ట్ పాయింటో తగులుతుంది, మల్టీమీటర్‌తో కలిసి ఉందని నిర్ధారించుకుని తీగని అక్కడ పెట్టండి. వెంట్రుకంత సన్నటి ఎనామిల్ రాగి తీగతో బోర్డు నుంచి ఒక చిన్న జంపర్ (తెగిన దారికి బదులు వేసే తీగ) తీసి, దాన్ని కేబుల్‌కి కలపడం మేలు. లావు తీగని నేరుగా ప్యాడ్‌కి పెడితే ఒక్క లాగుడుకి ఇంకో ప్యాడ్ లేస్తుంది. డీ ప్లస్, డీ మైనస్ రెండూ దాదాపు ఒకే పొడవు, పొట్టిగా, ఒకదానికొకటి మెలేసి ఉండాలి. 5 వోల్టులకీ గ్రౌండ్‌కీ మాత్రం సన్న తీగ వద్దు, డిస్క్ తిరగడం మొదలెట్టే క్షణంలో ఎక్కువ కరెంటు లాగుతుంది, అప్పుడు వోల్టేజ్ పడిపోతే తిరిగి ఆగి తిరిగి ఆగి ఏడిపిస్తుంది. యూఎస్‌బీ 2.0 పోర్ట్ లెక్క ప్రకారం 500 మిల్లీ ఆంప్స్ ఇస్తుంది, 3.0 పోర్ట్ 900. కాబట్టి 4 తీగల కేబుల్ అయినా సరే నీలం రంగు 3.0 పోర్ట్‌కే పెట్టండి.

పాత కనెక్టర్‌ని తీయాల్సి వస్తే ఫ్లక్స్ (టంకం బాగా పారేందుకు వాడే పేస్టు) ధారాళంగా వేసి, సీసం ఉన్న టంకం కాస్త కలపండి. ఫ్యాక్టరీ టంకం కరగడానికి 217 డిగ్రీల పైన కావాలి, సీసం కలిసిన 63/37 రకం 183కే కరుగుతుంది, రెండూ కలిస్తే తక్కువ వేడితో పని జరుగుతుంది. చుట్టుపక్కల వేడికి తట్టుకునే కాప్టన్ టేపు వేయండి. కరగకముందే లాగితే మిగిలిన ప్యాడ్లు కూడా దానితోనే వస్తాయి. నన్నడిగితే తీయకుండా వదిలేయడమే మంచిది, తొడుగు అడ్డం రానంతవరకు.

నీలిలైట్:
చదువుతుంటేనే చెమటలు పడుతున్నాయి. మొహమాటం లేకుండా చెప్పాలంటే, నేను స్పీకర్ తీగలు అతికించాను తప్ప ఇంత సన్న పని ఎప్పుడూ చేయలేదు. మైక్రోస్కోప్ ఉన్న మొబైల్ బోర్డు రిపేర్ వాళ్లకి ఇవ్వొచ్చా? వాళ్లు డిస్క్ ముట్టుకుంటే ఏమన్నా చేస్తారేమోనని ఇంకో భయం.

రెండోకాపీ:
ఇవ్వొచ్చు, ఇవ్వాలి కూడా. ఫోన్ చార్జింగ్ పోర్ట్ మార్చేవాళ్లకి ఇది రోజూ చేసే పనే. మీ కేసులో ఇంకో సౌకర్యం ఉంది, బోర్డు ఎలాగూ విప్పేశారు కాబట్టి బోర్డు ఒక్కటే ఇవ్వండి, డిస్క్ ఇంట్లోనే ఉంటుంది. డేటా పళ్లాల మీద ఉంది, బోర్డుతో ఎవరూ మీ ఫొటోలు చూడలేరు. ఇచ్చే ముందు రెండు వైపులా దగ్గర నుంచి ఫొటోలు తీసుకోండి. చెప్పాల్సినవి గట్టిగా చెప్పండి: బోర్డు మార్చొద్దు, 8 కాళ్ల చిప్ దగ్గర హాట్ ఎయిర్ పెట్టొద్దు, 3.0 పిన్నులు అక్కర్లేదు, 4 తీగలు చాలు. బోర్డుని యాంటీ స్టాటిక్ కవర్‌లో పెట్టి ఇవ్వండి.

తిరిగొచ్చాక డిస్క్‌కి బిగించే ముందు మల్టీమీటర్‌తో 5 వోల్టుల తీగకీ గ్రౌండ్‌కీ మధ్య షార్ట్ లేదని చూడండి. బోర్డు వెనక హెడ్లకీ మోటారుకీ తగిలే కాంటాక్టు ప్యాడ్లు నల్లబడి ఉంటే తెల్ల రబ్బరుతో మెల్లగా రుద్ది, ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో తుడవండి. ఆ స్పాంజి ముక్క మళ్లీ దాని చోటే పెట్టాలి.

చిటికెలో_పని:
డిస్క్‌ని ఫ్రిజ్‌లో పెడితే వస్తుందని ఎక్కడో చదివాను, అది కూడా ట్రై చేయొచ్చుగా?

పాతకేబుల్:
విరిగిన పిన్నుకి చలి వేస్తే అతుక్కుంటుందా సామీ. బయటికి తీశాక లోపల తేమ పట్టి బాగున్న హెడ్లు కూడా పోతాయి.

సందేహాలరాయుడు:
మధ్యలో దూరుతున్నందుకు క్షమించండి, నా సమస్య కూడా దగ్గరిదే. నాది పాత 3.5 అంగుళాల ఎక్స్‌టర్నల్. లోపల సాటా డిస్క్ ఉంది, బ్రిడ్జ్ బోర్డు పోర్ట్ విరిగితే డిస్క్ తీసి నేరుగా కంప్యూటర్‌కి పెట్టాను. డిస్క్ కనిపిస్తోంది, సైజు సరిగ్గానే ఉంది, కానీ 'ఇనీషియలైజ్' చేయమంటోంది. డేటా పోయినట్టేనా?

లినక్స్‌లోకం:
ఇనీషియలైజ్ నొక్కకండి. రెండు కారణాల్లో ఒకటి అయ్యుంటుంది. ఒకటి, బ్రిడ్జ్‌లో ఎన్‌క్రిప్షన్. అదైతే అదే రకం బ్రిడ్జ్ కావాలి, లేదా విరిగినదాన్నే బాగుచేయించాలి. రెండోది ఎన్‌క్రిప్షన్ ఏమీ లేకుండానే జరుగుతుంది. కొన్ని బ్రిడ్జ్‌లు 512 బైట్ల సెక్టార్లని 8 చొప్పున కట్టగట్టి కంప్యూటర్‌కి 4096 బైట్ల సెక్టార్లుగా చూపిస్తాయి. పార్టిషన్ ఎక్కడ మొదలవుతుందో ఆ లెక్కలో రాసి ఉంటుంది. నేరుగా సాటాకి పెట్టగానే కంప్యూటర్ అదే అంకెని 512తో గుణిస్తుంది, కాబట్టి ఎనిమిదో వంతు దూరంలోనే వెతికి ఏమీ లేదంటుంది. లినక్స్‌లో లాస్‌సెటప్ కమాండ్‌తో సెక్టార్ సైజు 4096 అని చెప్పి, చదవడానికి మాత్రమే అనుమతిచ్చి లూప్ డివైస్ (అదే డిస్క్‌ని ఇంకో లెక్కలో చూపే నకిలీ డ్రైవ్) చేయండి. పార్టిషన్ కనిపిస్తే డేటా క్షేమం.

సందేహాలరాయుడు:
కనిపించింది! అన్ని ఫోల్డర్లూ ఉన్నాయి. కాపీ మొదలుపెట్టాను. నీలిలైట్ గారి థ్రెడ్ పుణ్యం.

నీలిలైట్:
నా అప్‌డేట్. బోర్డు ఒక్కటే ఇచ్చాను. ఆయన మైక్రోస్కోప్ కింద పెట్టి 2వ పిన్ను ట్రాక్‌ని రక్షణ చిప్ కాలు దగ్గర పట్టుకుని జంపర్ వేశారు, కేబుల్‌ని ప్యాడ్ల మీద బరువు పడకుండా బోర్డు అంచుకి ఎపాక్సీతో అతికించారు. షార్ట్ లేదు. బిగించి పెట్టాను, డ్రైవ్ వచ్చింది, ఈసారి ఫార్మాట్ కూడా అడగలేదు. ఇప్పుడు కాపీ పేస్ట్ చేసేయనా?

లినక్స్‌లోకం:
ఆగండి. ముందు క్రిస్టల్‌డిస్క్‌ఇన్ఫో అనే ప్రోగ్రామ్‌లో స్మార్ట్ వివరాలు (డిస్క్ తన ఆరోగ్యం గురించి తానే రాసుకునే లెక్కలు) వస్తాయేమో చూడండి. 05 (మార్చేసిన చెడ్డ సెక్టార్లు), సీ5 (చదవలేక అనుమానంలో పెట్టిన సెక్టార్లు) విలువలు సున్నా అయితే పళ్లాలు బాగున్నట్టు. అవి సున్నా కాకపోతే ఫైళ్లు కాపీ చేయడం కాకుండా డీడీరెస్క్యూ అనే లినక్స్ ప్రోగ్రామ్‌తో మొత్తం డిస్క్‌ని ఇమేజ్‌గా, అంటే ఒకే పెద్ద ఫైల్‌గా, తీయండి. ఇమేజ్ పెట్టే డిస్క్‌లో 1 టీబీ కన్నా ఎక్కువ ఖాళీ ఉండాలి. ఎంతవరకు చదివిందో రాసుకునే మ్యాప్ ఫైల్ తప్పకుండా ఇవ్వండి, మధ్యలో ఆగినా వదిలిన చోటు నుంచి మొదలవుతుంది. ఒక చిక్కు ఉంది, డ్రైవ్ మధ్యలో మాయమైతే డీడీరెస్క్యూ మిగతా భాగమంతా ఎర్రర్ అని గబగబా రాసుకుంటూ పోతుంది. వేగం సున్నా అయి ఎర్రర్లు పరుగెత్తితే ఆపేసి, మ్యాప్ ఫైల్ పాత కాపీతో మళ్లీ మొదలెట్టండి.

రెండోకాపీ:
నేనైతే ఇమేజ్ కంటే ముందు ఎంతో ముఖ్యమైన ఫోల్డర్ ఏదైనా ఉంటే అది తీసుకుంటాను. జంపర్ తీగ మీద నిలబడ్డ డిస్క్ అది, ఎంతసేపు నిలబడుతుందో ఎవరికి తెలుసు?

లినక్స్‌లోకం:
సీ5 సున్నా అయితే మీ మాటే సరి. సున్నా కాకపోతే ఒక చెడ్డ సెక్టార్ దగ్గర విండోస్ మళ్లీ మళ్లీ చదవబోయి డిస్క్‌ని నలిపేస్తుంది, అప్పుడు ఇమేజే ముందు.

నీలిలైట్:
సీ5 దగ్గర 8 ఉంది. అందుకని ఇమేజ్ దారే పట్టాను. 2.0 వేగం కదా, సెకనుకి 35 ఎంబీ దాకా వస్తోంది. పూర్తవడానికి ఎంత పడుతుంది?

పాతకేబుల్:
1 టీబీకి ఆ వేగంతో 8 గంటలు. డిస్క్‌ని గట్టి బల్ల మీద పెట్టి, కేబుల్‌ని టేపుతో బల్లకే అంటించి, ఆ గదిలోకి ఎవరినీ రానివ్వకండి. ల్యాప్‌టాప్ స్లీప్‌లోకి పోకుండా సెట్టింగ్ మార్చడం మర్చిపోవద్దు.

నీలిలైట్:
అయిపోయింది. మొత్తం మీద 4 కేబీ చదవలేదని చూపిస్తోంది, మిగతాదంతా వచ్చింది. ఈ ఇమేజ్ ఫైల్‌ని విండోస్‌లో ఎలా తెరవాలి?

లినక్స్‌లోకం:
7-జిప్‌తో తెరవండి, విండోస్ డిస్కులు వాడే ఎన్‌టీఎఫ్ఎస్ రకం ఇమేజ్ లోపలికి వెళ్లి ఫోల్డర్లు బయటికి తీయగలదు. ఆ 4 కేబీ ఏ ఫైల్‌లో పడిందో అది ఒక్కటే పాడై ఉంటుంది, ఖాళీ చోట పడి ఉంటే అదీ లేదు. చెక్‌డిస్క్ చేయాలనిపిస్తే ఇమేజ్‌కి ఇంకో కాపీ తీసి దాని మీద చేసుకోండి, అసలు ఇమేజ్ మీద వద్దు.

నీలిలైట్:
తెరుచుకుంది. ఫొటోలన్నీ ఉన్నాయి, ఒక్క వీడియో మాత్రం మధ్యలో ఆగిపోతోంది, అదే ఆ 4 కేబీ అనుకుంటా. టంకంపొగ గారికీ, రెండోకాపీ గారికీ, అందరికీ థాంక్స్. ఆ పాత డిస్క్‌ని ఇంకా వాడుకోవచ్చంటారా?

టంకంపొగ:
సీ5 చూపించిన డిస్క్, పైగా జంపర్ మీద నడుస్తోంది. మళ్లీ డౌన్‌లోడ్ చేసుకోగలిగిన సినిమాలకి వాడుకోండి, ఇంకే పనికీ వద్దు. కేబుల్‌ని మాత్రం డబ్బా అంచు దగ్గర ఇంకోసారి బిగించండి, ఎపాక్సీ బోర్డుని పట్టుకుంటుంది గానీ లాగుడుని ఆపలేదు.